హార్లీని కఫే రేసర్ చేస్తే తప్పా? ఒక తిట్టు బిరుదుగా మారిన కథ



ఈరోజు ఎపిసోడ్ బైకుల గురించి. అంటే మైలేజీ ఎంత, ఆన్‌రోడ్ ధర ఎంత అని చెప్పే రివ్యూ కాదు. ఒక గొడవ గురించి. బైకు పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు ఎక్కడ కలిసినా ఇప్పటికీ తెగని గొడవ ఇది. ప్రశ్న చూస్తే చాలా చిన్నది. హార్లీ డేవిడ్‌సన్ లాంటి అమెరికన్ క్రూయిజర్‌ని తీసుకుని, దాన్ని కోసి, బరువు తగ్గించి, కఫే రేసర్‌గా మార్చొచ్చా? మారిస్తే అది నిజంగా కఫే రేసర్ అవుతుందా? లేకపోతే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అవుతుందా?

ముందు ఈ రెండు మాటలూ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. క్రూయిజర్ అంటే పడక్కుర్చీ లాంటి బండి. సీటు కింద ఉంటుంది, హ్యాండిల్ మన దగ్గరికి వస్తుంది, కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చుంటాం. తిన్నగా పోయే పొడుగాటి రోడ్డు మీద గంటల తరబడి నడపడానికి పుట్టింది. కఫే రేసర్ దీనికి పూర్తిగా తిరగేసిన బండి. హ్యాండిల్ కిందకి, ముందుకి ఉంటుంది. ఫుట్‌రెస్టులు వెనక్కి ఉంటాయి. మనిషి ట్యాంకు మీద పడుకున్నట్టు వంగి నడుపుతాడు. సీటు ఒక్కరికే, వెనకాల చిన్న మూపురం. అనవసరమైంది ఏదీ బండి మీద ఉండదు.

ఒకటి సుఖం కోసం, ఒకటి వేగం కోసం. మరి మొదటిదాన్ని రెండోదిగా మార్చాలని ఎవరికి, ఎందుకు అనిపించింది? ఇది అర్థం కావాలంటే ముందు లండన్ వెళ్ళాలి.

లండన్ నగరం చుట్టూ తిరిగే నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద 1938లో ఏస్ కఫే అని ఒకటి తెరిచారు. లారీ డ్రైవర్లు ఆగి టీ తాగి, టిఫిన్ తిని పోయే చోటు. మన హైవే దాబా లాంటిదనుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో 1940లో బాంబు పడి ధ్వంసమైంది. 1949లో మళ్ళీ కట్టారు. రాత్రంతా తెరిచి ఉండేది. యుద్ధం అయిపోయాక బ్రిటన్‌లో కుర్రాళ్ళకి ఉద్యోగాలు దొరికాయి, చేతిలో కాస్త డబ్బు ఆడింది, వాయిదాల మీద బండి కొనుక్కునే వీలు వచ్చింది. కారు కొనే స్తోమత లేదు. బైకు కొన్నారు. సాయంత్రం అయితే ఏస్ కఫే ముందు చేరేవాళ్ళు. అమెరికా నుంచి వచ్చిన రాక్ అండ్ రోల్ పాటలు జ్యూక్‌బాక్స్‌లో వినడం, బండ్ల గురించి గొప్పలు చెప్పుకోవడం, పందేలు వేసుకోవడం.

వాళ్ళకి ఒకటే లెక్క. గంటకి 100 మైళ్ళు, అంటే మన లెక్కలో 160 కిలోమీటర్లు దాటాలి. దాన్ని వాళ్ళు 'టన్' అనేవాళ్ళు. దాటినవాడు టన్ అప్ బాయ్. ఇంకో పందెం గురించి మీరు వినే ఉంటారు. జ్యూక్‌బాక్స్‌లో నాణెం వేసి, పాట మొదలవగానే బండి తీసి, ఒక చోటు దాకా వెళ్ళి, పాట అయిపోయేలోపు తిరిగి రావాలి. ఇందులో ఎంత జరిగిందో, ఎంత చెప్పుకున్నారో విడదీయడం కష్టం. కానీ ఆ రోడ్డు మీద కుర్రాళ్ళు చచ్చిపోయారన్నది మాత్రం కథ కాదు. అప్పటికి బ్రిటన్‌లో హెల్మెట్ తప్పనిసరి కాదు. ఆ చట్టం 1973లో వచ్చింది. మోటార్‌వేల మీద గంటకి 70 మైళ్ళ పరిమితి పెట్టింది కూడా 1965 డిసెంబర్‌లోనే. అప్పటిదాకా అక్కడ పరిమితే లేదు.

ఇక అసలు పాయింట్‌కి వద్దాం. 'కఫే రేసర్' అనేది మొదట్లో పొగడ్త కాదు, తిట్టు. ఒరేయ్, నువ్వు ట్రాక్ మీద రేసర్‌వి కాదురా, టీ కొట్టు దగ్గర రేసర్‌వి అని వెక్కిరించే మాట. ఉత్త పోజు గాడు అని అర్థం. ఆ తిట్టునే వాళ్ళు బిరుదులా తగిలించుకున్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పని ఉంది.

మరి ఈ కుర్రాళ్ళు నడిపిన బండ్లు ఏంటి? ట్రయంఫ్, బీఎస్ఏ, నార్టన్. అన్నీ స్వదేశీ. వాళ్ళు చేసిన మార్పుల్లో అన్నిటికంటే పేరున్నది ట్రైటన్. ట్రయంఫ్ ఇంజిన్ బాగా లాగుతుంది, కానీ దాని ఛాసిస్ అంత గొప్పది కాదు. నార్టన్ వాళ్ళ ఫెదర్‌బెడ్ ఫ్రేమ్ మలుపుల్లో రాయిలా నిలబడుతుంది. ఈ ఫ్రేమ్ చేసింది బెల్‌ఫాస్ట్‌కి చెందిన రెక్స్ మెక్‌కాండ్‌లెస్. 1950లో నార్టన్ రేసు బండ్ల మీదకి వచ్చింది. అప్పట్లో 500 సీసీ చిన్న రేసు కార్లకి నార్టన్ ఇంజిన్లు కావాల్సి వచ్చేవి. కంపెనీ ఇంజిన్ ఒక్కటే అమ్మేది కాదు. దాంతో కార్లవాళ్ళు మొత్తం బండి కొని, ఇంజిన్ పీకేసుకుని, మిగతాది పక్కన పడేసేవాళ్ళు. ఆ మిగిలిపోయిన ఫ్రేముల్లోకి ట్రయంఫ్ ఇంజిన్ ఎక్కించారు. ట్రయంఫ్, నార్టన్ కలిపి ట్రైటన్.

అంటే ఏంటి? కఫే రేసర్ పుట్టిందే కలగాపులగంగా. ఇది అసలైనది, ఇది నకిలీది అనే స్వచ్ఛత దాని రక్తంలోనే లేదు.

ఇప్పుడు సముద్రం దాటి అమెరికా వెళ్దాం. అక్కడి కుర్రాళ్ళు కూడా సరిగ్గా ఇదే పని చేస్తున్నారు, ఇంకా ముందే మొదలుపెట్టారు. 1930లలో అక్కడ మామూలు రోడ్డు బండ్లతో రేసులు నడిచేవి. ముందు మడ్‌గార్డు పీకేసి, వెనకది సగానికి కోసేసి, బరువు తగ్గించి పందేనికి దింపేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం కోసం హార్లీ కంపెనీ సైన్యానికి సుమారు 90,000 బండ్లు తయారు చేసింది. యుద్ధం ముగిశాక అవి చవగ్గా బయటికి వచ్చాయి. ఇంటికొచ్చిన సైనికులు కొని, కోసి, నడిపారు. వాటిని బాబర్ అన్నారు. జుట్టు కురచగా కత్తిరించినట్టు అన్నమాట.

చూశారా? లండన్‌లోనూ అదే కత్తి, కాలిఫోర్నియాలోనూ అదే కత్తి. బరువు తగ్గిస్తే వేగం పెరుగుతుంది, అంతే. తేడా ఎక్కడొచ్చిందంటే, తర్వాత వెళ్ళిన దారిలో. బ్రిటన్‌లో రోడ్లు ఇరుకు, వంకర టింకర. కాబట్టి మలుపులో పడుకునే బండి కావాలి. అమెరికా పడమటి వైపు రోడ్లు గీత గీసినట్టు తిన్నగా మైళ్ళకి మైళ్ళు. కాబట్టి అక్కడ ఫోర్కు పొడుగైంది, సీటు కిందకి దిగింది, హ్యాండిల్ పైకి లేచింది. అదే చాపర్ అయింది. 1969లో వచ్చిన 'ఈజీ రైడర్' సినిమాతో ప్రపంచం మొత్తానికి అమెరికన్ బైకు అంటే చాపర్ అనే ముద్ర పడిపోయింది.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. 1953లో 'ది వైల్డ్ వన్' అనే సినిమా వచ్చింది. లెదర్ జాకెట్ వేసుకుని మార్లన్ బ్రాండో బైకు మీద కూర్చున్న ఫోటో మీ ఇన్‌స్టాలో ఎప్పుడో ఒకసారి కనపడే ఉంటుంది. అమెరికన్ బైకర్ అంటే అదే బొమ్మ. కానీ ఆ సినిమాలో బ్రాండో నడిపింది హార్లీ కాదు, బ్రిటిష్ ట్రయంఫ్! హార్లీ నడిపింది అతని ప్రత్యర్థి పాత్ర వేసిన లీ మార్విన్. ఇంకా తమాషా ఏంటంటే, ఆ సినిమాని బ్రిటన్ సెన్సార్ వాళ్ళు 1967 దాకా అనుమతించలేదు. కుర్రాళ్ళు చెడిపోతారని. అయినా ఏస్ కఫే కుర్రాళ్ళు అదే జాకెట్ వేసుకున్నారు. అంటే అమెరికావాడు ఇంగ్లండ్ బండి ఎక్కాడు, ఇంగ్లండ్‌వాడు అమెరికా వేషం వేశాడు. అసలు ఎవరిది, నకలు ఎవరిది?

ఇప్పుడు మన గొడవకి గుండెకాయ లాంటి విషయం చెప్తాను. హార్లీతో కఫే రేసర్ చేసేవాళ్ళు ఎక్కువగా తీసుకునే బండి స్పోర్ట్‌స్టర్. అది 1957లో వచ్చింది. ఎందుకొచ్చింది? యుద్ధం తర్వాత అమెరికా మార్కెట్‌లోకి ట్రయంఫ్, బీఎస్ఏ బండ్లు వచ్చి పడ్డాయి. తేలిక, చురుకు, చవక. పాత హార్లీలో క్లచ్ కాలితో, గేరు చేత్తో. కుర్రాళ్ళు అటు పోతున్నారు. దానికి జవాబుగా హార్లీ 1952లో 'కే' మోడల్ తెచ్చింది. క్లచ్ చేతికి వచ్చింది, గేరు కాలికి వచ్చింది. అది కూడా బ్రిటిష్ బండ్లలాగే కుడి కాలికి. వెనకాల షాకబ్జర్లు వచ్చాయి. ఆ 'కే' మోడల్‌కి 883 సీసీ కొత్త ఇంజిన్ పెడితే అదే స్పోర్ట్‌స్టర్.

అర్థమైందా? ఇవాళ మనం క్రూయిజర్ అని పిలిచే ఆ బండి, పుట్టినప్పుడు క్రూయిజర్ కాదు. ట్రయంఫ్‌కి పోటీగా పుట్టిన స్పోర్ట్స్ బండి. పేరులోనే స్పోర్ట్ ఉంది. కాలం మారి, జపాన్ బండ్లు వచ్చి, వేగం విషయంలో అందరూ దాన్ని దాటేశాక అది మెల్లగా క్రూయిజర్ల బల్ల మీదకి చేరింది. కాబట్టి స్పోర్ట్‌స్టర్‌ని కఫే రేసర్ చేసేవాడు దాని స్వభావాన్ని చెడగొడుతున్నాడనే మాట సగమే నిజం. ఇంకో రకంగా చూస్తే, దాని చిన్నప్పటి చొక్కా మళ్ళీ తొడుగుతున్నాడు.

సరే, పేరుకి స్పోర్ట్. మరి హార్లీ నిజంగా ఇంగ్లండ్ మలుపుల్లో నిలబడగలదా? దీనికి చరిత్రలో ఒక మంచి జవాబు ఉంది. కాల్ రేబార్న్ అనే అమెరికన్ రేసర్. డేటోనా 200 రేసుని 1968లో, 1969లో వరసగా హార్లీ మీద గెలిచినవాడు. 1972లో ఈస్టర్ సెలవుల్లో ఇంగ్లండ్‌లో అమెరికా, బ్రిటన్ జట్ల మధ్య పోటీలు జరిగాయి. బ్రాండ్స్ హ్యాచ్, మాలరీ పార్క్, ఔల్టన్ పార్క్ అనే మూడు ట్రాకుల మీద మొత్తం ఆరు రేసులు. రేబార్న్ ఆ ట్రాకుల మీద అంతకుముందు ఎప్పుడూ రేసు చేయలేదు. అతని బండి పాతబడిన, వేడెక్కిపోతుందని పేరుపడ్డ ఇనప సిలిండర్ల ఎక్స్ఆర్ 750. ఎవరూ ఆశలు పెట్టుకోలేదు. ఆరు రేసుల్లో మూడు గెలిచాడు! పాయింట్లలో బ్రిటన్ వీరుడు రే పిక్‌రెల్‌తో సమానంగా నిలిచాడు. మన పెద్దవాళ్ళు ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, ఈయన రెండూ గెలిచాడు. పాపం, తర్వాతి ఏడాది డిసెంబర్‌లో న్యూజిలాండ్‌లో రేసు చేస్తూ చనిపోయాడు.

ఈ నేపథ్యంలోనే అసలైన కథ వచ్చింది. 1977. హార్లీ కంపెనీయే స్వయంగా ఒక కఫే రేసర్ తయారు చేసింది.

దాని పేరు ఎక్స్ఎల్‌సీఆర్. చివర్లో సీఆర్ అంటే కఫే రేసర్. చేసింది విల్లీ జీ డేవిడ్‌సన్. కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకరైన విలియం డేవిడ్‌సన్ మనవడు. అప్పటికి హార్లీ సొంత చేతుల్లో లేదు. 1969లో ఏఎంఎఫ్ అనే పెద్ద కంపెనీ కొనేసింది. బౌలింగ్ ఆట సామాన్లు, ఆటవస్తువులు లాంటివి చేసే కంపెనీ అది. ఉత్పత్తి పెంచారు, నాణ్యత పడిపోయింది. షోరూమ్‌లోనే కింద ఆయిల్ కారే బండి అని జోకులు వేసుకునే రోజులవి. అలాంటి టైమ్‌లో విల్లీ జీ స్పోర్ట్‌స్టర్ 1000 సీసీ ఇంజిన్ తీసుకుని, రేసు బండి ఎక్స్ఆర్ 750 నుంచి వెనక భాగం ఆకారం తీసుకుని, ముందు చిన్న ఫెయిరింగ్, ఒంటి సీటు, పొడుగాటి ట్యాంకు పెట్టి, ముందు చక్రానికి రెండు డిస్క్ బ్రేకులు వేసి, సైలెన్సర్‌తో సహా మొత్తం నలుపు చేశాడు. క్రోమ్ మెరుపులకి పేరుపడ్డ కంపెనీ నుంచి కాటుక లాంటి బండి! ఇవాళ చూసినా ఆ అందం తగ్గలేదు.

మరి అమ్ముడుపోయిందా? లేదు. రెంటికీ చెడ్డ రేవడి అయింది.

ఎందుకంటే, హార్లీ నడిపేవాళ్ళు చూసి, ఇదేం బండి, వంగి కూర్చోవాలా, వెనకాల భార్యని ఎక్కించుకోవడానికి సీటు లేదా అన్నారు. స్పోర్ట్స్ బండ్లు నడిపేవాళ్ళు చూసి, బరువు సుమారు 230 కిలోలు, పవరు చూస్తే 60 చిల్లర హార్స్‌పవర్ అన్నారు. 1972లోనే వచ్చిన కవాసాకి జీ1 నాలుగు సిలిండర్లతో 82 హార్స్‌పవర్ ఇస్తోంది. ఐదేళ్ళ తర్వాత వచ్చిన బండి అంతకంటే తక్కువ ఇస్తే ఎవడు కొంటాడు? రెండేళ్ళకి కాస్త అటూ ఇటూగా 3,100 బండ్లు మాత్రమే తయారయ్యాయి. ఆపేశారు. అవి కూడా షోరూముల్లో దుమ్ము పట్టి ఉన్నాయి.

ఇందులో పాఠం ఏంటో తెలుసా? అదే 1977లో, అదే విల్లీ జీ, ఇంకో బండి కూడా చేశాడు. లో రైడర్. కిందకి కూర్చునే సీటు, చాపర్ పోకడ. అది బాగా ఆడింది. మనిషి ఒక్కడే, ఏడాది ఒక్కటే. ఒకటి హిట్టు, ఒకటి ఫ్లాపు. మొదటిది అప్పటికే హార్లీ వాళ్ళు వీధుల్లో చేసుకుంటున్నదానికి దగ్గరగా ఉంది. రెండోది ఎవరూ అడగలేదు. జనం కొనేది ఇంజిన్ ఒక్కటే కాదు, ఆ బండి మీద తాము ఎవరిలా కనపడతారో అదీ కొంటారు.

అయితే ఎక్స్ఎల్‌సీఆర్ ఊరికే పోలేదు. 1979 నుంచి మామూలు స్పోర్ట్‌స్టర్‌లకి దాని ఫ్రేమ్ రూపమే వచ్చింది. అప్పట్లో డీలర్లు వదిలించుకోవడానికి తంటాలు పడ్డ బండి, ఇప్పుడు పాత బండ్లు సేకరించేవాళ్ళు వెతుక్కుని కొనేది అయింది. 1981లో విల్లీ జీ సహా 13 మంది కంపెనీ పెద్దలు అప్పులు తెచ్చి ఏఎంఎఫ్ నుంచి హార్లీని తిరిగి కొనుక్కున్నారు.

ఆ తర్వాత కూడా ఈ ఆశ చావలేదు. ఎరిక్ బ్యూయెల్ అనే ఆయన హార్లీలో ఇంజినీరుగా చేసి, బయటికి వచ్చి 1983లో సొంత కంపెనీ పెట్టాడు. హార్లీ ఇంజిన్‌తోనే మలుపుల్లో తిరిగే స్పోర్ట్స్ బండి చేస్తానన్నాడు. చేశాడు కూడా. ఫ్రేమ్ లోపలే పెట్రోలు, వెనక స్వింగ్ ఆర్మ్ లోపల ఇంజిన్ ఆయిల్ పోసే బండి తెచ్చాడు. తర్వాత హార్లీయే ఆ కంపెనీని కొనేసుకుంది. 2009లో మూసేసింది. హార్లీ సొంతంగా ఎక్స్ఆర్ 1200 అనే బండిని 2008లో ముందు యూరప్‌లో విడుదల చేసింది, తర్వాతే అమెరికాకి తెచ్చింది. స్వదేశంలో కంటే పరాయి దేశంలో గిరాకీ ఎక్కువ ఉంటుందని కంపెనీకే తెలుసు. అదీ కొన్నేళ్ళే. 2016లో రోడ్‌స్టర్ అని ఇంకోటి. అదీ అంతే. కంపెనీ తలుపు తట్టిన ప్రతిసారీ జనం తలుపు తీయలేదు. కానీ షెడ్డుల్లో మాత్రం కుర్రాళ్ళు చేస్తూనే ఉన్నారు.

సరే, షెడ్డులో ఏం చేస్తారు? ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు కాబట్టి కాస్త జాగ్రత్తగా వినండి.

కొంతమంది హ్యాండిల్ మార్చి, సీటు మార్చి, ట్యాంకు మీద నంబరు అంటించి, కఫే రేసర్ అయిపోయిందంటారు. కాదు. పైగా ప్రమాదం. ఎందుకంటే క్రూయిజర్‌లో ఫోర్కు బాగా ఏటవాలుగా ఉంటుంది, స్పోర్ట్‌స్టర్‌లో సుమారు 30 డిగ్రీలు. అందుకే తిన్నగా పోతే స్థిరంగా ఉంటుంది, మలుపు తిప్పాలంటే బద్ధకిస్తుంది. స్పోర్ట్స్ బండ్లలో ఇది 24, 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెండోది, సీటు కిందకి దించిన మోడళ్ళలో వెనక షాకబ్జర్లు పొట్టిగా ఉంటాయి. బండి కొంచెం వాలిస్తే చాలు, 30 డిగ్రీల దరిదాపుల్లోనే ఫుట్‌రెస్టులు నేలకి రాసుకుంటాయి. ఆ బండి మీద కిందకి వంగే హ్యాండిల్ పెట్టి, రేసర్‌లా మలుపులో పడుకోబెడితే ఏమవుతుంది? ఇనుము రోడ్డుకి ఆనుతుంది, టైరు పైకి లేస్తుంది.

తెలిసినవాళ్ళు వెనక నుంచి మొదలుపెడతారు. పొడుగాటి షాకబ్జర్లు వేసి వెనక భాగాన్ని 50 మిల్లీమీటర్లు పైకి లేపితే, రెండు చక్రాల మధ్య దూరం సుమారు 1,500 మిల్లీమీటర్లు ఉన్న బండి మొత్తం ముందుకి దాదాపు 2 డిగ్రీలు వంగుతుంది. ఫోర్కు 30 నుంచి 28కి వచ్చింది. బండి కింద ఖాళీ పెరిగింది. ఈ ఒక్క మార్పుతో మలుపు తిరిగే తీరే మారిపోతుంది. తర్వాత ఫుట్‌రెస్టులు వెనక్కి, పైకి. దానితోపాటు గేరు రాడ్, వెనక బ్రేకు పెడలు కూడా కొత్తగా అమర్చాలి. తర్వాత బ్రేకులు, ఫోర్కు లోపలి స్ప్రింగులు. హ్యాండిల్, సీటు చివర్లో.

ఇంజిన్‌కి వస్తే స్పోర్ట్‌స్టర్‌లో ఒక సౌకర్యం ఉంది. 1986 తర్వాత వచ్చిన 883 సీసీ, 1200 సీసీ ఇంజిన్లలో పిస్టన్ పైకీ కిందకీ తిరిగే దూరం ఒక్కటే, 96.8 మిల్లీమీటర్లు. బోరు మాత్రమే తేడా. కాబట్టి సిలిండర్లు, పిస్టన్లు మారిస్తే 883 కాస్తా 1200 అవుతుంది. చవక బండి కొని పెద్ద బండి చేసుకునే దారి ఇది. అమెరికాలో కుర్రాళ్ళు స్పోర్ట్‌స్టర్‌ని ఎంచుకోవడానికి ఇదొక కారణం. సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది, విడిభాగాలు దొరుకుతాయి, గాలితో చల్లబడే సాదా ఇంజిన్. చేత్తో విప్పి బిగించొచ్చు.

ఎంత చేసినా ఒకటి మారదు. 45 డిగ్రీల వీ ఆకారంలో రెండు సిలిండర్లు, పొడుగాటి స్ట్రోకు. అది ఎక్కువ ఆర్‌పీఎమ్ ఇష్టపడదు. కింద నుంచే బలంగా లాగుతుంది. కాబట్టి హార్లీ కఫే రేసర్ జపాన్ బండిలా కీచుమంటూ పోదు, దుక్కిటెద్దులా గుంజుకుపోతుంది. దాన్ని అలాగే ఒప్పుకున్నవాడికి ఆనందం. జపాన్ బండిలా పోవాలనుకున్నవాడికి డబ్బు దండగ.

ఇప్పుడు రైడర్ల మాటలకి వద్దాం. మూడు రకాల మాటలు వినపడతాయి.

మొదటిరకం హార్లీ భక్తులు. బాగున్న బండిని కోసి పాడు చేశావు, హార్లీ అంటే దర్జాగా కూర్చుని పోవాలి అంటారు. వీళ్ళకి జవాబు బాబర్. హార్లీని కోయడం హార్లీవాళ్ళే మొదలుపెట్టారు. ఆ కోత లేకపోతే మీరు ఇష్టపడే చాపర్ కూడా పుట్టేది కాదు.

రెండోరకం కఫే రేసర్ స్వచ్ఛతావాదులు. అసలైనది బ్రిటిష్ ట్విన్ మాత్రమే, మిగతావి వేషాలు అంటారు. వీళ్ళకి జవాబు ట్రైటన్. రెండు కంపెనీల బండ్లు కోసి అతికించినవాళ్ళ వారసులు స్వచ్ఛత గురించి మాట్లాడితే ఎలా? మీ బిరుదే ఒకప్పుడు తిట్టు. నువ్వు అసలైన రేసర్‌వి కాదు అని మిమ్మల్ని అన్న మాటనే మీరు ఇంకొకడిని అంటున్నారు.

మూడోరకం నాకు బాగా నచ్చే వాళ్ళు. పేరు ఏదైనా పెట్టుకో, ముందు నడిపి చూపించు అంటారు. మలుపులో తిరుగుతోందా, బ్రేకు పడుతోందా, వంద కిలోమీటర్లు పోయి వెనక్కి రాగలవా? వీళ్ళ ప్రశ్నకి జవాబు మాటల్లో ఉండదు, బండిలోనే ఉండాలి. ఫోటో కోసం చేసిన బండి ఇక్కడ దొరికిపోతుంది.

మరి మన సంగతేంటి? మనకీ ఈ కథతో బంధుత్వం ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ బ్రిటన్‌లో ఉన్న రోజుల్లో, ఏస్ కఫే కుర్రాళ్ళని చూసే 250 సీసీ కాంటినెంటల్ జీటీ చేసింది. 1960ల మధ్యలో. ఆ పేరుని చెన్నై కంపెనీగా మారిన ఎన్‌ఫీల్డ్ 2013లో 535 సీసీ బండికి, 2018లో 650 సీసీ ట్విన్‌కి మళ్ళీ పెట్టింది. ఇక ఏస్ కఫే 1969లో మూతపడింది. 2001లో తిరిగి తెరిపించింది మార్క్ విల్స్‌మోర్. ఆయన ఒకప్పుడు పోలీసు! కుర్రాళ్ళని తరిమిన శాఖ మనిషే వాళ్ళ గుడిని మళ్ళీ కట్టాడన్నమాట.

హార్లీ మన దేశానికి రావడం వెనక మామిడిపళ్ళు ఉన్నాయంటే నమ్ముతారా? 2007లో మన మామిడిపళ్ళని అమెరికా రానిచ్చింది, మనం హార్లీల దిగుమతికి నిబంధనలు సడలించాం. 2010లో మొదటి విడతగా షోరూములు తెరిచిన నగరాల్లో హైదరాబాద్ ఒకటి. 2014లో స్ట్రీట్ 750 సుమారు 4 లక్షల 10 వేలకి వచ్చింది. హర్యానాలోని బావల్‌లో తయారయ్యేది. ముందు చిన్న కవరు, నలుపు రంగు, చూడగానే ఎక్స్ఎల్‌సీఆర్ గుర్తొచ్చే బండి. మన కస్టమ్ షెడ్డులవాళ్ళు దాన్ని కఫే రేసర్లుగా మార్చారు. 2020లో హార్లీ ఆ ఫ్యాక్టరీ మూసేసి వెళ్ళింది, తర్వాత హీరోతో చేతులు కలిపింది.

ఇక్కడ ఒక తిరకాసు గమనించండి. లండన్‌లో కఫే రేసర్ పేదింటి కుర్రాడి బండి. పారేసిన ఫ్రేముతో చేసుకున్నాడు. అమెరికాలో సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్‌స్టర్ కూడా మధ్యతరగతివాడికి అందేదే. మన దగ్గరికి వచ్చేసరికి హార్లీ డబ్బున్నవాళ్ళ బండి అయింది. దాన్ని కోయించి చేయించడం ఇంకా డబ్బున్నవాళ్ళ సరదా. అసలు ఏస్ కఫే స్ఫూర్తి మన దేశంలో ఎక్కడుందంటే, పాత బుల్లెట్‌నో, పాత యమహానో కొని, జీతంలో మిగిలిన డబ్బుతో, వీధి చివర మెకానిక్ షెడ్డులో రాత్రిళ్ళు కూర్చుని బిగించుకునే కుర్రాడి దగ్గర ఉంది.

కానీ ఆ కుర్రాడికి ఒక మాట చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టంలో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు అని ఉంది. చట్టవిరుద్ధంగా మార్చిన బండితో యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర ఎన్ని తిప్పలో వేరే చెప్పక్కర్లేదు. పోలీసులు సైలెన్సర్లని రోడ్డు రోలర్ కింద తొక్కించడం మీరు వార్తల్లో చూసే ఉంటారు. సైలెన్సర్ పీకేసి వీధి మొత్తాన్ని నిద్రలేపడం కఫే రేసర్ కాదు. అది ఉత్త చప్పుడు.

దీని మీద నా అభిప్రాయం ఒక్కటే. చట్టం అవసరమే. ఇంతకుముందు చెప్పుకున్నాం కదా, లెక్క తెలియకుండా హ్యాండిల్ మార్చినవాడు తనకే కాదు, ఎదురొచ్చేవాడికి కూడా ప్రమాదం. కానీ పరీక్ష చేసి, సురక్షితంగా ఉందని తేలితే అనుమతించే సులువైన దారి కూడా ఉంటే బాగుంటుంది. బ్రిటన్‌లో అలా విడివిడి బండ్లని పరీక్షించి రిజిస్టర్ చేసే పద్ధతి ఉంది. ఆ దారి లేకపోతే చేయి తిరిగిన మెకానిక్కి, ఫోటో కోసం కోసేవాడికి తేడా లేకుండా ఇద్దరూ దొంగలే అవుతారు.

కాబట్టి మొదట అడిగిన ప్రశ్నకి జవాబు: హార్లీని కఫే రేసర్ చేయొచ్చు. స్పోర్ట్‌స్టర్ పుట్టిందే ట్రయంఫ్‌తో పోటీ కోసం. రేబార్న్ ఇంగ్లండ్‌లో గెలిచి చూపించాడు. విల్లీ జీ చేసి అమ్మలేకపోయాడు కానీ, చేసింది మాత్రం తప్పు కాదు. నకిలీ అనే మాటకి భయపడక్కర్లేదు, ఆ మాట కఫే రేసర్ పుట్టినప్పటి నుంచీ దాని వెంటే ఉంది. భయపడాల్సింది బ్రేకు పడని బండికి, నేలకి రాసుకునే ఫుట్‌రెస్టుకి.

మీరైతే ఏ రకం? హార్లీని ముట్టుకోవద్దు అంటారా, కోసెయ్ అంటారా, నడిపి చూపించు అంటారా? మీ నాన్నగారి పాత బండి ఏదైనా షెడ్డులో మూలన పడి ఉంటే, దాని కథ కూడా కామెంట్‌లో రాయండి. అన్నట్టు, హెల్మెట్ పెట్టుకోండి. లండన్ కుర్రాళ్ళకి ఆ చట్టం రావడానికి 1973 దాకా పట్టింది, మనం అంత కాలం ఆగక్కర్లేదు కదా.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.